మన ఇంటి బుట్ట

“పెదనాన్నా, ఇదిగో, దీన్ని కూడా మీరే ఎత్తండి. ఇన్నేళ్ళూ ఎత్తింది మీరేగా!”

టైలరు కూతురు చెత్తబుట్టని తెచ్చి వాకిట్లో ధడాలున దించింది. మూత ఎగిరి, ఆగి ఉన్న బండి కిందికి దొర్లిపోయింది. తండ్రి పోయి ఇంకా వారం తిరగలేదు. ఏడ్చి ఏడ్చి ఆ పిల్ల గొంతు బొంగురుపోయింది.

ఇంట్లో నలుగురూ ఎక్కడివాళ్ళక్కడ నిలబడిపోయారు. మామయ్య చేతిలో ఇత్తడి గంట. అది వాయిస్తూ వీధుల్లో చెత్తబండి ముందు నడుస్తాడని అందరూ ఆయన్ని గంట తాత అంటారు. గడప మీద అత్తయ్య. బండి అద్దం తుడుస్తూ కొడుకు. వాళ్ళ వెనకాల, గ్లౌజులు సగం తొడుక్కుని కోడలు.

ఆ బుట్టలో ఏముందో కోడలికి చూడకుండానే తెలుసు. అదే ఆమె ప్రాణం మీదికి వచ్చింది.

“చూడండి,” అంటూ టైలరు కూతురు వంగి, గుడ్డపీలికల ముద్ద ఒకటి పైకి తీసి విప్పింది. లోపల మాత్రల షీట్లు. ఒక్క మాత్ర కూడా నొక్కి తీయలేదు. “నెలనెలా నేను కొని పంపినవి. ఫోన్లో వేసుకున్నావా నాన్నా అంటే, వేసుకున్నానమ్మా అనేవాడు. అన్నీ ఇలా చుట్టి పారేశాడు. తడిచెత్తా పొడిచెత్తా చేత్తో తడిమి మరీ వేరుచేస్తారు కదా మీరు! ఉల్లిపొట్టులో గుండుసూది ఉన్నా పట్టేస్తారు కదా! ఇవి తగల్లేదా మీ చేతికి?”

తగిలాయి. వానలు మొదలైనప్పుడే తగిలాయి. కోడలి చేతికే.

ఆ రోజు ఆమె షీటు పట్టుకుని తలెత్తేసరికి టైలరు బాబాయి గుమ్మంలోనే ఉన్నాడు. పట్టుబడ్డ పిల్లాడిలా నవ్వాడు. “అది వేసుకుంటే చేతులు వణుకుతున్నాయమ్మాయ్. సూదిలో దారం ఎక్కట్లేదు. చూసీ చూడనట్టు ఊరుకో తల్లీ,” అన్నాడు. మర్నాడు ఆమె గ్లౌజుకి బొటనవేలు దగ్గర చిరుగు చూసి, లాక్కుని, మెత్తటి తోలుముక్క వేసి కుట్టిచ్చాడు. ఇప్పుడు ఆమె చేతికున్నది ఆ గ్లౌజే.

మనసు ఆగక ఆ సాయంత్రమే మామయ్యకి చెప్పింది. ఆయన చాలాసేపు గడ్డం రుద్దుకున్నాడు. ఆ తర్వాత, ఆ ఇంట్లో అడుగుపెట్టిన నాటి నుంచి ఆమె వింటున్న మాటే అన్నాడు. “బుట్టలో చూసింది బుట్టలోనే అమ్మాయ్.”

ఊరికే పెట్టుకున్న కట్టుబాటు కాదది. మామయ్య కొత్తగా తోపుడుబండితో ఈ పని మొదలుపెట్టిన రోజుల్లో, ఒకింటి బుట్టలో రోజూ ఖాళీ సీసాలు పడుతున్నాయని పక్కింటావిడతో నోరు జారాడు. ఆ ఇంటాయన ఎక్కడో డ్రైవరు. మాట ఆ చెవినా ఈ చెవినా పడి యజమాని దాకా పోయింది, ఉద్యోగం ఊడింది. తీరా చూస్తే ఆ సీసాలు ఆయన తమ్ముడివి. పెళ్ళాంపిల్లలతో ఆయన సామాను కట్టుకుని వెళ్ళిపోయిన రోజు, వాళ్ళు వదిలేసిన చాపా విరిగిన కుర్చీ ఎత్తింది కూడా మామయ్యే. ఆ రోజు నుంచి నోటికి తాళం.

కోడలు ఒక అడుగు ముందుకు వేసింది. “అక్కా, అవి నేను...”

“నాకు తగిలాయమ్మా,” అన్నాడు మామయ్య గబుక్కున. “మీ నాన్న బుట్ట నేనే తీసేవాణ్ణి. మా కోడలికి ఏమీ తెలీదు.”

పుట్టి బుద్ధెరిగాక అబద్ధమాడని మనిషి, కోడలి కోసం ఆడాడు. అత్తయ్య ఆయన వైపు చూసి తల దించుకుంది.

“తగిలి?”

“ఊరుకున్నాను.”

“ఊరుకున్నారా! ఆయన మీ నేస్తం కదా పెదనాన్నా! రోజూ మా అరుగు మీద కూర్చుని టీ తాగేవారు కదా! ఒక్క మాట, నాతో ఒక్క మాట అని ఉంటే పరిగెత్తుకుంటూ రాకపోయేదాన్నా?”

 మామయ్య చేతిలో గంట నాలుక చిన్నగా టంగుమంది. ఆయన రెండో చేత్తో దాన్ని పట్టుకుని ఆపాడు.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. కానీ కొడుక్కి ముక్కు మీద కోపం. తండ్రిని ఎవరైనా ఒక మాటంటే వాడికి ఒళ్ళు తెలియదు. “ఏం మాట్లాడుతున్నావమ్మా నువ్వు? కన్నకూతురివి, నువ్వొచ్చి చూసుకోలేదు కానీ చెత్తెత్తేవాళ్ళు చూసుకోవాలా మీ నాన్నని?” అనేశాడు.

“ఒరేయ్!” అని అత్తయ్య అరిచింది. అరిచి ఏం లాభం? మాట బయటపడిపోయింది.

టైలరు కూతురు ఆ మాట తగిలిన చోటే నిలబడింది. ఏడవలేదు. గొంతు కూడా పెంచలేదు.

“నిజమే. నేను చూడలేదు. అందుకే కదా తమ్ముడూ, చూసినవాళ్ళని అడుగుతున్నాను,” అంది.

బుట్ట అక్కడే వదిలేసి వెళ్ళిపోయింది. మామయ్య వంగి బండి కిందనుంచి మూత తీసి, తుండుతో తుడిచి, బుట్ట మీద పెట్టాడు. దాన్ని ఖాళీ చేయలేదు. ఎవర్నీ చేయనివ్వలేదు.

*

మధ్యాహ్నం అన్నాల దగ్గర మళ్ళీ రాజుకుంది.

“ఆ కట్టుబాటు మీరు పెట్టిందే, మీరే తీసేయండి నాన్నా,” అన్నాడు కొడుకు. “ప్రాణం మీదికొచ్చే విషయం కూడా చెప్పకపోతే ఎలా? రేపు ఇంకొకరు పోతారు. అప్పుడూ గంట వాయించుకుంటూ పోదామా?”

“ఇందాక ఆ పిల్లని అన్ని మాటలన్నావ్, ఇప్పుడు దాని మాటే నువ్వు అంటున్నావేంట్రా?” అంది అత్తయ్య.

“నాన్నని అంటే ఊరుకుంటానా? అది వేరు, ఇది వేరు.”

“ఏదీ వేరు కాదు.” అత్తయ్య కూర వడ్డిస్తూ మెల్లగా అంది. “మనిషికి ఎక్కడో ఒకచోట గుట్టు ఉండాలిరా. ఇంట్లో అందరి కళ్ళూ మన మీదే, వీధిలో అందరి కళ్ళూ మన మీదే. కనీసం బుట్టలోనైనా మన ఇష్టం మనకి ఉండొద్దూ? టైలరుకి సూదీదారం ముఖ్యమైంది. వాడి మాత్ర, వాడి ఇష్టం.”

ఆ మాటకి కోడలు తలెత్తి చూసింది. అత్తయ్య అంతంత మాటలు మాట్లాడే మనిషి కాదు. జబ్బుపడి పెద్దాసుపత్రిలో ఉండి వచ్చాక కొన్నాళ్ళు అసలు మాటే లేదు. పొద్దస్తమానం మగత, పిలిస్తే ఊఁ అనేది, అంతే. ఈమధ్యే తేరుకుంది. వంటింట్లోకి వస్తోంది, వద్దన్నా షెడ్డులోకొచ్చి చెత్త వేరుచేసే బల్ల దగ్గర కూర్చుంటోంది, కొడుకు మీద జోకులు వేస్తోంది. మందు బాగా పట్టిందని ఇంటిల్లిపాదీ మురిసిపోయారు.

“అది సరే, నువ్వు వేసుకున్నావా మాత్ర?” అన్నాడు కొడుకు. రోజూ అడుగుతాడు. బండి ఖాళీ చేసుకుని ఇంటికొస్తూనే, ఇంజను ఆపకముందే, గేటు దగ్గర్నుంచే కేకేస్తాడు. వీధి చివరి వాళ్ళకి కూడా తెలుసు ఆమె మాత్ర వేళ.

“వేసుకున్నాన్రా నాయనా! నా కడుపున కొడుకు పుట్టాడనుకున్నాను గానీ పోలీసు పుట్టాడనుకోలేదు,” అంది అత్తయ్య.

అంత బాధలోనూ కోడలికి నవ్వొచ్చింది. మామయ్య మాత్రం నవ్వలేదు. కంచంలో చెయ్యి కడిగేసుకుని లేచిపోయాడు.

*

మర్నాడు పొద్దున ఆయన మంచం దిగలేదు. గోడవైపు తిరిగి పడుకున్నాడు. కోడలు కాసేపు చూసి, గంట తనే తీసుకుంది.

గంట ఎవరు వాయించినా గంటే కదా అనుకుంది. కాదని మొదటి మలుపులోనే తెలిసిపోయింది. నిన్నటి గొడవ అప్పుడే వీధులన్నీ పాకినట్టుంది. తలుపులు తెరుచుకున్నాయి గానీ ఎప్పటిలా ఎవరూ గలగలా మాట్లాడుతూ రాలేదు. ప్రతి సంచికీ ముడి. ఒకటి కాదు, ముడి మీద ముడి. ఒకాయన సంచికి టేపు చుట్టి తెచ్చాడు. ఆమె చెయ్యి చాస్తే ఇవ్వకుండా పక్కనుంచి వెళ్ళి స్వయంగా బండిలో పడేశాడు.

“ఏమ్మా, నిన్న మా ఇంట్లో కూర మాడిందని కూడా తెలుసా మీకు?” అంది కిరాణా కొట్టావిడ. పరాచికమే. కానీ ఆ నవ్వు పెదాల దగ్గరే ఆగిపోయింది. ఇన్నేళ్ళుగా వాళ్ళ పిల్లల పుట్టిన తేదీలు కూడా తెలిసినంత చనువున్న మనుషులు, ఒక్క రోజులో పరాయివాళ్ళని చూసినట్టు చూశారు. కోడలికి తల కొట్టేసినట్టయింది. ముడుల మీద ముడులు విప్పుకుంటూ, చెయ్యి పెట్టాలా వద్దా అని ఆగుతూ, ఒక్క వీధి పూర్తి చేసేసరికి ఎండ నెత్తికెక్కింది.

టైలరు ఇంటి ముందు గంట వాయించలేదు. చెయ్యి రాలేదు. గుమ్మం పక్కన బుట్ట ఉండే చోట గచ్చు మీద గుండ్రటి మరక మాత్రం ఉంది.

ఆ పక్కింటి ముసలామె కర్ర పోటేసుకుంటూ బయటికొచ్చింది. ఆమె సంచికి ముడి లేదు. ఇటూ అటూ చూసి కోడలి మణికట్టు పట్టుకుంది.

“నా బుట్టలో ఎప్పుడైనా తేడాగా ఏమైనా కనబడితే నాకు చెప్పకమ్మా. నేనెలాగూ బొంకుతాను. మా అమ్మాయికి చెప్పు. చెప్తావు కదూ?”

“మామయ్యని అడగాలి మామ్మా...”

“ఆయన్ని అడిగేదేంటే? తడిమేది నీ చెయ్యి కదా!”

ఆ మాట కోడలి వెంట ఇంటిదాకా వచ్చింది.

*

బండి ఖాళీ చేసి రావడానికి భర్త ఊరవతలికి పోయాడు. కోడలు ఇంటికొచ్చేసరికి వంటింటి వెనక బుట్ట పొంగి పొర్లుతోంది. చుట్టూ ఈగలు.

మన ఇంటి బుట్ట ఎప్పుడూ మామయ్యే తీస్తాడు. అదొక చిత్రం ఆయనతో. ఊరందరి చెత్తా కోడలు తీయొచ్చు, ఇంటి బుట్ట మాత్రం ముట్టుకోనివ్వడు. “రోజంతా ఆ పనేగా చేస్తావ్, ఇంట్లో కూడా ఎందుకమ్మాయ్, నేను తీస్తాలే,” అంటాడు. కోడలి మీద ప్రేమని ఇరుగుపొరుగు చెప్పుకునేవాళ్ళు. ఆమె కూడా అలాగే అనుకుంది, పాపం.

ఇవాళ ఆయన లేవలేదు. ఆమె బుట్టని షెడ్డులోకి లాక్కెళ్ళి బల్ల మీద బోర్లించింది. బంగాళాదుంప తొక్కలు, కోడిగుడ్డు పెంకులు, నిన్నటి అన్నం, వాడేసిన టీపొడి ముద్దలు. చేతులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి. మనసు ముసలామె మాట దగ్గరే ఉంది.

చెయ్యి ఆగింది.

టీపొడి ముద్దలో ప్లాస్టిక్కు. పాల ప్యాకెట్టు కత్తిరించినప్పుడు ఊడే మూల ముక్క.

ముందు ఆమెకి ఆశ్చర్యమే వేసింది. తడిచెత్తలో ప్లాస్టిక్కా? ఈ ఇంట్లోనా? అత్తయ్య చేతి కిందా? ఆ పాల ప్యాకెట్టు మూల కోసమే కోడల్ని కొత్తలో ఎన్ని చివాట్లు పెట్టిందో ఆవిడ! “చిన్నదని వదిలేయకు. ఎరువంతా పాడయ్యేది దానివల్లే,” అని వేలితో పొడిచి చూపించేది. అలాంటి మనిషి పొరపాటున వెయ్యదు.

పొరపాటున వెయ్యలేదు. మెలితిప్పి ఉంది.

కోడలు గ్లౌజు తీసేసి గోటితో విప్పింది. లోపల తెల్లగా ఒక మాత్ర. ఇంకో ముద్ద చిదిపింది. ఇంకో మూల, ఇంకో మాత్ర. అరలో ఉన్న అత్తయ్య మాత్రల షీటు రోజుకొకటి చొప్పున ఖాళీ అవుతూనే ఉంది. అందుకే ఎవరికీ అనుమానం రాలేదు. టైలరు బాబాయికి ఈ తెలివి లేకపోయింది. ఆయన షీటుకి షీటే పారేశాడు.

  మందు పట్టి తేరుకుందనుకున్న మనిషి, మందు మానేసి తేరుకుంది. ఎన్నాళ్ళు తేరుకుని ఉంటుంది? టైలరు బాబాయి కూడా పోయే ముందురోజు వరకూ కుట్టుమిషను తొక్కుతూనే ఉన్నాడు.

వంటింట్లో అత్తయ్య టీ పెడుతోంది. కోడలు వెళ్ళి ఎదురుగా నిలబడి అరచెయ్యి తెరిచింది. 

అత్తయ్య చూసింది. బుకాయించలేదు. పొయ్యి చిన్నది చేసి, చెంగుతో చేతులు తుడుచుకుంది.

“ఇవాళ ఆయన లేవలేదు కదూ,” అంది. “అనుకున్నాను, నీ చేతిలో పడతానని.”

“ఎందుకత్తయ్యా?” కోడలికి దుఃఖం తన్నుకొచ్చింది. “మా అందరికీ అన్యాయం చేద్దామనా?”

“పిచ్చిదానా, అన్యాయమేంటే? అది వేసుకుంటే నేను మనిషిని కాదమ్మా, మూటని. ఎవరొచ్చారో తెలీదు, ఎవరు పోయారో తెలీదు. ఆయన నా పక్కన కూర్చుని ఏవేవో చెప్పేవాడు, ఒక్క ముక్క బుర్రకెక్కేది కాదు. అలా ఎన్నేళ్ళుంటే ఏం? కళ్ళు తెరుచుకుని ఉన్నన్నాళ్ళే ఉంటాను. నా ఇల్లు, నా బల్ల, మీ అరుపులు, కేకలు, అన్నీ తెలుస్తుండాలి నాకు.”

“డాక్టరుకి చెప్పొచ్చు కదా! మగతొస్తోందంటే మార్చి ఇస్తాడేమో కదా!”

“చెప్పాను. తగ్గిస్తే ప్రమాదం అన్నాడు. ఆ సంగతి మీ ఆయనకి తెలిస్తే నా నోట్లో వేలు పెట్టి మింగించేస్తాడు.” అత్తయ్య కోడలి గుప్పిట మూసి, దాని మీద తన రెండు చేతులూ వేసింది. “ఎవరికీ చెప్పకు. ముఖ్యంగా మీ మామయ్యకి. నేను బాగున్నాననే ఆయన తిండి తింటున్నాడు. ఇంటి కట్టుబాటు నీకు తెలుసుగా అమ్మాయ్, బుట్టలో చూసింది బుట్టలోనే.”

 నిన్న వాకిట్లో ఆ పిల్ల అడిగిందంతా కోడలి చెవుల్లో గింగురుమంటోంది. చూసినవాళ్ళని అడుగుతున్నాను, అంది. రేపు ఇదే వంటింట్లో తన మొగుడు తనని అలాగే అడుగుతాడు. తగిలిందా? తగిలి? ఊరుకున్నావా? అప్పుడు ఏం చెప్పాలి?

“ఒకసారి ఊరుకున్నాను అత్తయ్యా. ఒక మనిషి పోయాడు,” అంది.

అత్తయ్య ఏదో అనబోయి ఆగింది. గుమ్మంలో మామయ్య.

ఎప్పుడు లేచాడో, ఎంతసేపు నిలబడ్డాడో తెలీదు. జుట్టు రేగి, చొక్కా గుండీలు ఒకదానికొకటి తప్పి ఉన్నాయి. ఆయన కళ్ళు భార్య మొహం వైపు పోలేదు. కోడలి గుప్పిట మీదికి, అందులోంచి బయటికి కనబడుతున్న పాల ప్యాకెట్టు మూల మీదికి పోయాయి.

“మన ఇంటి బుట్ట నేను తీస్తాను కదమ్మాయ్,” అన్నాడు.  “నువ్వెందుకు తీశావ్?”

చేతిలో ఏంటని ఆయన అడగలేదు.

 కోడలి చేతి మీదున్న అత్తయ్య చేతులు మెల్లగా జారిపోయాయి.

“మీకు... తెలుసా?”

ఆయన గుమ్మం చెక్క పట్టుకున్నాడు. “ఎన్నో రోజులు నిన్ను అడుగుదామనే లేచేవాణ్ణి. తీరా వస్తే నువ్వు ఎవరి మీదో జోకేసి నవ్వుతూ ఉండేదానివి. నేను ఆ నవ్వు మళ్ళీ వింటాననుకోలేదు. అందుకని...” చొక్కా అంచుతో కళ్ళు తుడుచుకున్నాడు. “నిన్న ఆ పిల్ల ఊరుకున్నారా అని అడుగుతుంటే, వాళ్ళ నాన్న గురించి అడిగినట్టు లేదే నాకు.”

 టీ మరిగి మరిగి అడుగంటుతున్న వాసన వేస్తున్నా ఎవరూ పొయ్యి ఆర్పలేదు.

వీధి మలుపులో బండి చప్పుడైంది. గేటు కిర్రుమంది. ఇంజను ఇంకా ఆగలేదు.

“అమ్మా! మాత్ర వేసుకున్నావా?”

అత్తయ్య పలకలేదు. మామయ్య పలకలేదు. ఇద్దరూ కోడలి మొహం వంకే చూస్తున్నారు, పెద్దవాళ్ళు చిన్నపిల్లని బతిమాలినట్టు.

“ఏమే, అమ్మ పలకదేంటి? మాత్ర వేసుకుందా లేదా?”

బండి ఇంజను ఆగిపోయింది.  గుప్పిట్లో రెండు మాత్రలూ చెమటకి తడిసి అరచేతికి అంటుకున్నాయి. చెప్పుల చప్పుడు వంటింటి వైపే వస్తోంది.

కోడలు నోరు తెరిచింది.